పొగగొట్టానికి మూత

వంటింటి గోడకు ఒక మేకు కొట్టుకోనిస్తారా అని ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను వెంటనే ఊఁ అనలేదు. అమ్మాయి పేరు హారిక. యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువుతోందట. చదువులో భాగంగా పల్లెలకు వెళ్ళి తాము నేర్చినదానితో ఏదైనా సేవ చెయ్యాలట, చేస్తేనే ఆ ఏడు గట్టెక్కినట్టట. చేతిలో సబ్బుపెట్టె అంత తెల్లటి డబ్బా ఉంది. గ్యాసు ఉండి కూడా కట్టెల పొయ్యి మానని ఇళ్ళలో ఎంత పొగ తిరుగుతోందో ఆ డబ్బా కనిపెట్టి వాళ్ళ ఫోనుకు కబురు పంపుతుందట. మా ఇంట్లో గ్యాసు ఉంది. అయినా స్నానాల నీళ్ళు కాగేది వంటింటి మూల ఉన్న కట్టెల పొయ్యి మీదే. ఆ సంగతి ఈ పిల్లకు ఎవరు చెప్పారా అన్నది నాకు వచ్చిన మొదటి అనుమానం. మాది భోగాపురం వైపు ఊరు. విమానాశ్రయం మాట పుట్టిన నాటి నుంచి కొలతలు పట్టుకుని తిరిగే మనుషుల్ని చూస్తున్నాం. చేలగట్ల మీద రంగు వేసిన రాళ్ళు పాతడం చూసిన కళ్ళకు, ఏదైనా కొలుస్తామంటూ ఎవరు వచ్చినా భూమి పోతుందన్న భయమే.

చివరికి నేను సరేనన్నాక, డబ్బా గోడకు తగిలించి హారిక వీధి మలుపు తిరిగిందో లేదో పక్కింటి అప్పలనర్సమ్మ గుమ్మంలోకి వచ్చేసింది.

"ఏటొదినా, ఫోన్ నంబరిచ్చీసినావా?"

"ఇచ్చాను."

"అయిపోనావు. వేలిముద్ర అడిగినారా?"

"లేదు."

"రేపొచ్చి అడుగుతారు. దాన్లో కెమెరా ఉంటాది, సూడు. కట్టెలు కాలుస్తన్నావని రాసుకోని గ్యాసు కోసీస్తారు."

నేను నవ్వేశాను గాని ఆ మాట నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం మా ఇంటిల్లిపాదీ వంటింటి పక్క గదిలో ప్రార్థనకు కూర్చున్నప్పుడు, తెరిచిన తలుపులోంచి ఆ డబ్బా కనబడుతోంది. చిన్న ఆకుపచ్చ దీపం మినుక్కుమంటోంది. ప్రార్థనలో మనం దేవునితో చెప్పుకునేవి ఎన్ని ఉంటాయి, ఎవరి రోగం, ఎవరి మనస్తాపం, ఎవరితో పడని మాట. అవన్నీ అది వింటోందేమో. నేను లేచి వెళ్ళి, కొయ్యకు వేలాడుతున్న చేతిగుడ్డ తీసి దాని మీద కప్పి వచ్చాను. ఆ రోజు నుంచి ప్రార్థన వేళ గుడ్డ కప్పడం, అయ్యాక తీయడం అలవాటైపోయింది.

నా ప్రార్థన ఎప్పుడూ ఊపిరితో మొదలవుతుంది. ఈ రోజూ ఊపిరి ఆడుతున్నందుకు స్తోత్రం అని. మా కోడలికి అది చిత్రంగా ఉంటుంది, అందరూ అన్నానికీ ఆరోగ్యానికీ చెప్పుకుంటారు గదా అంటుంది. నా చిన్నతనం చూడలేదు కదా ఆమె. ఆ గుడ్డ కప్పి వచ్చి కూర్చున్న సాయంత్రం, మా కోటబొమ్మాళి దగ్గర ఇల్లూ, మా అమ్మ తెరిచిన గుప్పిటా, ఎన్నేళ్ళకో, ఉన్నవి ఉన్నట్టు కళ్ళ ముందుకు వచ్చాయి.

అది తాటాకు ఇల్లు. ముందు అరుగు, లోపల ఒకటే గది, ఆ గదిలోనే వెనక మూల పొయ్యి. రైలు వెళ్ళినప్పుడు ఉట్టిలో కుండలు సన్నగా చప్పుడు చేసేవి. తెల్లవారకముందే మా నాన్నమ్మ, మేం మామ్మ అనేవాళ్ళం, పొయ్యి అంటించి చోడి అంబలి, అదే రాగి జావ, కాచేది. అంబలి పొంగే వాసన, ఊరి చెరువులో నార కోసం నానేసిన గోగుకట్టల కుళ్ళువాసన, తడిసిన తాటాకు వాసన, వీటన్నిటి మీదా దుప్పటి కప్పినట్టు పొగ. ఆ పొగ మాకు పొగలా అనిపించేది కాదు, ఇంటికి గోడలున్నట్టే పొగా ఉండేది. మా మామ్మ వయసులో ఉండగా అందరిలాగే, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చిన మనిషే. బాప్తిస్మం తీసుకున్న రోజున చుట్టలన్నీ పొయ్యిలో పారేసి మళ్ళీ ముట్టలేదట. నేను పొగ మానీసినాను అని ఎంతో గర్వంగా చెప్పుకునేది, పొయ్యి ముందు కూర్చుని, ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ.

నాకు పుట్టుకతోనే ఉబ్బసం. బడికి పంపితే సగం దారిలో కూలబడిపోయేదాన్ని. రెండు మూడుసార్లు ఎవరో ఎత్తుకు తెచ్చి ఇంట్లో దింపాక బడి మాట మానేశారు. నా బడి మామ్మ పక్కనే. చేటలో బూడిద పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. గుణింతాలు వచ్చాక బైబిలు ఒళ్ళో పెట్టి వాక్యం చదివించేది. ఆమెకు చూపు ఆనేది కాదు, కంఠతా వచ్చిన వాక్యాలే గనుక నేను తప్పు చదివితే చెయ్యి మీద చిన్నగా కొట్టేది. నా చదువంతా ఆ బూడిదలో పుట్టిందే. అందుకు ఆమెకు ఎన్ని వందనాలు చెప్పుకున్నా చాలవు. అయితే ఆ బూడిద పక్కనే కూర్చోవడం వల్ల ఊపిరి మరీ కట్టేసేదని అప్పుడు మాకు తెలియదు. రాత్రి పిల్లికూతలు, పగలు అక్షరాలు.

నాన్న నారమిల్లులో పని చేసేవాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం కోడికూతకు వెళ్ళిపోయేవాడు. ఉన్న కాస్త మెట్టచేనూ అమ్మ చేతుల మీదే. చేనంటే ముందు విత్తనం. పొయ్యి సరిగ్గా పైన, వాసాలకు కట్టిన వెదురు తడక మీద మొక్కజొన్న పొత్తులు, ఎండిన కందికాయల మూటలు, బీరకాయలు, ఆనపకాయలు ఉండేవి. ఏడాదంతా పొగ తగిలి పొత్తులు నల్లగా నిగనిగలాడేవి. పొగ తగిలిన గింజకు పురుగు రాదు. ఒక ఏడు ఎవరి దగ్గరో విత్తనం తెచ్చి వేస్తే సగం చేను మొలకెత్తలేదు. ఆ ఏడు మేం ఎలా తిన్నామో అమ్మ ఎప్పుడూ చెప్పేది కాదు గాని, అప్పటి నుంచి ఆ తడక వైపు ఆమె చూపు మందసాన్ని కాపలా కాసే మనిషి చూపులా ఉండేది.

మా పాస్టరుగారు ఒక మధ్యాహ్నం ఒక కాలేజీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పేరు శేఖర్. విశాఖపట్నంలో చదువు. కాలేజీ పిల్లలంతా సెలవుల్లో పల్లెలకు వచ్చి పొగరాని పొయ్యిలు కడుతున్నారనీ, ఉబ్బసం పిల్ల ఉన్న ఇల్లు గనుక మా ఇల్లు చూపించాననీ పాస్టరుగారు చెప్పారు. మామ్మ ఆ అబ్బాయిని చెప్పుల నుంచి జుట్టు దాకా చూసింది.

"ఏటి బాబూ, ఊరికే కడతావా?"

"ఊరికేనే మామ్మగారూ. మా కాలేజీ తరఫున."

"కాలేజీకి మా పొయ్యితో ఏటి పని?"

"సేవండి."

"సేవయితే మీ ఇంట్లో మీ అమ్మకి సెయ్యి."

"మా అమ్మకి గ్యాసుంది మామ్మగారూ," అన్నాడు అతను, నవ్వాపుకుంటూ.

"అదీ సంగతి," అంది మామ్మ నా వైపు తిరిగి, ఏదో పట్టుకున్నట్టు. పాస్టరుగారి ముఖం చూసి సరేనంది గాని, అతను మట్టి కలిపినంతసేపూ పక్కన కూర్చుని చేతులకేసే చూసింది. మట్టిలో ఏదైనా పాతిపెడతాడేమోనని. అతను రెండు కుండలు పట్టేలా పొయ్యి వేసి, వెనక చిన్న రంధ్రం విడిచి, అక్కణ్ణుంచి సిమెంటు గొట్టాన్ని కప్పులోంచి పైకి లేపాడు. అమ్మ మాత్రం మాట్లాడకుండా నీళ్ళు అందించింది, మట్టి అందించింది. ఒకటి రెండుసార్లు తడక వైపు చూసింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

కొత్త పొయ్యి అంటించిన పొద్దు నాకు ఇంకా గుర్తుంది. వంట చేసేటప్పుడు మా అమ్మ ముఖం నేను అంత స్పష్టంగా చూడడం అదే మొదటిసారి. ఆమె ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉందని అప్పుడే తెలిసింది. ఆ వారం నా ఊపిరి తేలికైంది. పిల్లికూతలు లేకుండా పడుకున్నాను. మామ్మ ప్రతి పూటా గొట్టం దగ్గర చెవి పెట్టి వినేది, పొగ నిజంగా వెళ్తోందా, మరేదైనా వస్తోందా అని.

తర్వాత పొగ మళ్ళీ వచ్చింది. రోజూ కాదు. కొన్ని రోజులు బాగుండేది, ఒక రోజు ఇల్లంతా కమ్మేసేది. ఏ రోజు వస్తుందో తెలిసేది కాదు. ఇంత మంచి పొయ్యి ఉన్నట్టుండి ఎందుకు మొరాయిస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. మామ్మకు అంతుపట్టకపోవడమేమిటి, ఆమెకు మొదటి నుంచీ తెలుసు. "వోడు దాన్లో ఏదో పెట్టినాడు. మొదట మంచిగుంటాది, ఆనక దాని గుణం సూపిస్తాది," అనేది. ఒక రోజు పొయ్యి వెనక ఊడుస్తుంటే రంధ్రంలో ఇరుక్కుని సగం కాలిన గోగునార ఉండ ఒకటి దొరికింది. ఎవరో తడిపి కుక్కారు. అంతే, మామ్మ అనుమానం శేఖర్ మీద నుంచి లేచి పక్కింటి దాలమ్మ మీద వాలింది. దాలమ్మ ఇంట్లో నారతాళ్ళు పేనేవారు. వాళ్ళింటికి పొయ్యి రాలేదు. ఇంకేం కావాలి? దాలమ్మతో పెరటి కంచె మీద నుంచి కూరలు ఇచ్చి పుచ్చుకోవడం ఆగిపోయింది. నాకు మాత్రం మామ్మ మీదే అనుమానం. కొత్త పొయ్యిని ఓడించడానికి ఆమే ఇది చేస్తోందనుకున్నాను. ఒకే గదిలో పడుకునే మనుషులం, ఒకరి చేతులు ఒకరం కనిపెట్టుకుంటూ బతికాం.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను అరుగు మీదికి మార్చడం మొదలుపెట్టింది. "గాలి తగుల్తాది, రా," అని నా కుక్కి మంచాన్ని ఒక్కతే ఎత్తి బయట వేసేది, నెత్తిన చెయ్యి వేసి నిమిరేది, చేతికి బెల్లం ముక్క ఇచ్చేది. ఇంటి పనిలో ఎప్పుడూ నిలబడని అమ్మ నా కోసం అంతసేపు ఆగడం నాకు పండగలా ఉండేది. అరుగు మీద పడుకుని రైలు కూత వింటూ, అమ్మ కోసం ఎన్నిసార్లు దేవునికి స్తోత్రం చెప్పుకున్నానో. అరుగెక్కిన రోజునే ఇంట్లో పొగ వస్తోందని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. తట్టాక కూడా, పొగ రాబోతోందని అమ్మకు ముందే తెలుస్తుంది కాబోలు, తల్లి గదా అనుకున్నాను.

ఒక ఆదివారం అందరూ ప్రార్థన గుడికి వెళ్ళారు. నాకు ఆయాసంగా ఉండి అరుగు మీదే ఉన్నాను. గుడిలోంచి పాట వినబడుతోంది. పాట అయ్యి వాక్యం మొదలయ్యే వేళకు అమ్మ వెనక దారిన ఇంట్లోకి వచ్చింది. నేను నిద్రపోతున్నాననుకుంది. తలుపు సందులోంచి చూశాను. రోలు ఎక్కి తడక మీది పొత్తు ఒకటి తీసింది, గింజలు వొలిచి అరచేతిలో పెట్టుకుని ఊదింది. తెల్లటి పిండి ఎగిరింది. గుప్పిట తెరిచి అలాగే చూస్తూ నిలబడింది. ఆ గింజల్లో ఏవో కదులుతున్నాయి. అప్పుడు తొట్టిలోంచి నార తీసి పిండి, ఉండ చుట్టి, పొయ్యి వెనక రంధ్రంలోకి కుక్కింది. పొయ్యి అంటించింది. పొగ లేచి తడకను చుట్టుకుంది. అమ్మ ఆ పొగలోనే నిలబడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. నేను పిలవలేదు. పిలిస్తే ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో నాకు తెలియలేదు.

ఇది జరిగిన కొద్దిరోజులకే శేఖర్ మళ్ళీ వచ్చాడు. వాళ్ళ లెక్చరర్ గారు జీపులో పొయ్యిలన్నీ చూసి ఫొటోలు తీసుకోవడానికి వస్తున్నారనీ, అంతకు ముందు ఒకసారి సరిచూసుకోవాలనీ చెప్పాడు. అతని ముఖంలో బెదురు ఉంది. పొయ్యి పాడైతే అతని సేవ పాడైనట్టే. మామ్మ నార ఉండను అతని ముందు పడేసి, కంచె దగ్గరికి వెళ్ళి దాలమ్మను కేకేసింది.

"ఒసే దాలమ్మా, ఇది నీ ఇంటి నారే గదా?"

"ఊర్లో అందరింటా నార నేదేటి?" దాలమ్మ నడుము మీద చేతులేసుకుని వచ్చింది. "నీ పొయ్యి కాడికి నానెందుకొస్తాను? మీ యేసు కాపలా కాస్తన్నాడు గదా, ఆయన్నే అడుగు."

"నీకు రానేదని మాకు నేకుండా సేస్తన్నావు."

"నేకపోతే పోయింది. నా పొయ్యికేటి, రాజాలా ఉన్నాది."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. దాలమ్మ ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"నానే పెట్టినానత్తా," అంది.

మామ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక ఆమె గొంతు తగ్గింది. "పిల్ల పీక నొక్కి గింజలు కాసుకున్నావేటే?"

"పిల్లని బయటెట్టే గదత్తా కన్నం నొక్కినాను." అమ్మ కళ్ళు తుడుచుకోలేదు. "ఇత్తనం పోతే పిల్లకేటి పెడతాను? పైనున్నయ్యన్నీ పుచ్చిపోతన్నాయి."

"ముందే చెప్పాల్సిందమ్మా," అన్నాడు శేఖర్.

"ఊరికే ఇచ్చినారు బాబూ. ఇచ్చినోల్లకి మొకం మీద ఇది బాగునేదని ఎలా సెప్తాం?"

శేఖర్ తల ఎత్తి తడకను చూశాడు. పొయ్యి కట్టిన రోజున దాని కిందే మట్టి కలిపాడు, పైకి మాత్రం చూడలేదు. అమ్మ కూడా వేలెత్తి చూపలేదు. అతను సేవ చేస్తున్నాననుకున్నాడు, ఆమె మర్యాద చేస్తున్నాననుకుంది, వాళ్ళిద్దరి మధ్యా సగం విత్తనం పిండైపోయింది. అతను నూనెడబ్బా రేకు ఒకటి అడిగి తీసుకున్నాడు. రేకును గొట్టం వెడల్పుకు కోసి, గొట్టం అడుగున గాడి పెట్టి, లోపలికి తోస్తే మూసుకునేలా, లాగితే తెరుచుకునేలా ఒక మూత చేశాడు. వంటకు తెరిచి ఉంచాలి. విత్తనానికి పొగ కావాలన్న రోజున నన్ను అరుగు మీద పడుకోబెట్టి మూయాలి. అమ్మ దొంగతనంగా చేస్తున్నదాన్నే అతను పద్ధతి చేసిపెట్టాడు.

లెక్చరర్ గారు వచ్చారు. మూత చూడగానే, "ఇదేమిటి, మన డిజైన్‌లో లేదే. తీసెయ్," అన్నారు. శేఖర్ మారుమాట్లాడకుండా తీసి సంచిలో వేసుకున్నాడు. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొయ్యి పక్కన మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీశారు, నవ్వమన్నారు. జీపు పక్క వీధికి కదిలింది. శేఖర్ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి, సంచిలోంచి మూత తీసి గాడిలో తోసి, అమ్మకు నమస్కారం పెట్టి మళ్ళీ పరిగెత్తాడు.

నేనైతే సంతోషంతో ఏడ్చేశాను. మామ్మ మాత్రం అతను వెళ్ళిన దారి వైపే చూస్తూ, "సూసినావే? సదువు సెప్పిన మాస్టారికే అబద్ధమాడినోడు మనకాడడేటి?" అంది.

ఆ ఏడు కంది చేను సగమే వేశాం. మిగతా సగం బీడుగా ఉండిపోయింది. కాని నేను ఆ ఏడే, మధ్యలో కూర్చోకుండా, గుడి దాకా నడిచి వెళ్ళాను. దాలమ్మ కంచె మీద నుంచి మళ్ళీ కూర ఇచ్చింది, ఇస్తూ ఇస్తూ, "నార వేసి వండినాను, సూసుకోని తినండి," అంది. శేఖర్ మళ్ళీ రాలేదు. ఆ మూత సంగతి వాళ్ళ లెక్చరర్ గారికి తెలిసిందో లేదో, అతని చదువు ఏమైందో మాకు తెలియలేదు. మామ్మ చనిపోయే వరకు అతని మీద అనుమానం వదల్లేదు. కాని ప్రతి సాయంత్రం ప్రార్థనలో, ఇంటివాళ్ళందరి పేర్లూ అయ్యాక, అతన్నీ తలుచుకునేది. "ప్రభువా, ఆ కాలేజీ గుంటడి మనసులో ఏటున్నాదో నాకు తెల్దు, నీకు తెలుసు. మంచైతే దీవించు. సెడ్డైతే ఆడి దారి తిప్పు." నాకు తెలిసి అంత నిజాయితీగా ఒక పరాయివాడి కోసం ఎవరూ ప్రార్థించగా నేను వినలేదు.

హారిక పోయిన వారం మళ్ళీ వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. ఫోనులో ఏవో గీతలు చూపించి, "అమ్మా, మీ ఇంట్లో రోజూ సాయంత్రం దీపాల వేళకి గీత ఉన్నట్టుండి పడిపోతోంది. పొయ్యి ఆర్పినా అంత గబుక్కున పడదు. ఆ టైములో ఏం చేస్తారు?" అంది. అప్పలనర్సమ్మ గుమ్మంలోనే ఉంది, నేనేం చెబుతానా అని. మా అమ్మ గుమ్మంలో నిలబడ్డ తీరు నాకు గుర్తొచ్చింది. మర్యాదకు ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. అలా చెబితే ఆ పిల్ల గీతలన్నీ తప్పుడు గీతలై, వాటిని నమ్మి ఎవరింట్లోనో ఏదో కట్టేస్తారు.

"నేనే గుడ్డ కప్పుతున్నానమ్మా," అన్నాను. "మేం ప్రార్థన చేసుకుంటాం. అది వింటుందేమోనని."

హారిక నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మేకు నుంచి డబ్బా తీసి, అడుగు మూత విప్పి, లోపలంతా చూపించింది. చిన్న పంకా, రెండు తీగలు, దుమ్ము. "ఇందులో వినేది ఏదీ లేదమ్మా. అయినా మీకు కప్పుకోవాలనిపిస్తే కప్పుకోండి. ఆ కాసేపూ నేను లెక్కలోంచి తీసేస్తాను," అంది. డబ్బా మళ్ళీ తగిలిస్తూ తల పైకెత్తి, మా అటక వైపు చూసి, "పైన ఏం పెడతారమ్మా?" అని అడిగింది. పాత సామాన్లు తప్ప ఏమీ లేవని చెప్పాను. మా ఇంట్లో ఇప్పుడు విత్తనం దాచేవాళ్ళు లేరు, ప్యాకెట్లలో కొంటున్నాం. అయినా ఆ ప్రశ్న విన్నాక నేనూ తలెత్తి అటక వైపు చూశాను.

ఆమె వెళ్ళగానే అప్పలనర్సమ్మ, "విప్పి సూపించింది గదా అనీసి నమ్మీకొదినా. సూపించిన కాడ ఉండదు, సూపించని కాడ ఉంటాది," అంది.

ఆ సాయంత్రం కూడా డబ్బా మీద గుడ్డ కప్పాను. కప్పి వచ్చి కూర్చుని, ఊపిరికి స్తోత్రం చెప్పి, ఇంటివాళ్ళందరి పేర్లూ అయ్యాక, ఆ పిల్ల పేరు కూడా చేర్చాను. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు తండ్రీ, నీకు తెలుసు అని.